మూసి ఉంచవలసిన వంతెన

ఇటలీలో మీరా అనే ఊరికి కాస్త ఎగువన, బ్రెంతా కాలువ మీద ఉన్న తిరుగుడు వంతెనకు ఎర్సిలియా కాపలా. అంతకుముందు అది ఆమె భర్త ఉద్యోగం. ఆయన ఊపిరితిత్తుల జబ్బుతో పోయాక, పిల్లాజెల్లా లేని ఎర్సిలియాను రోడ్డు మీదికి నెట్టడానికి పైవాళ్లకు మనసొప్పక, వంతెన తిప్పే ఇనుప పిడి ఆమెకే అప్పగించారు. పక్కనే రెండు గదుల ఇల్లు. పడవ వస్తే పిడి తిప్పి వంతెనను పక్కకు జరపాలి, పోయాక మళ్లీ కలపాలి. ఇంతేగా అనిపిస్తుంది వినేవాళ్లకు. పెళ్లికి వెళ్లాలన్నా చావుకు వెళ్లాలన్నా ఆ పిడి ఇంకొకరు పట్టుకోవాలి కదా, ఎవరు పట్టుకుంటారు? తోడబుట్టిన అక్క పోయినప్పుడు కూడా ఆమె కడసారి చూపుకు వెళ్లలేకపోయింది.

కాలువ గట్టు పొడవునా వెనిస్ దొరల వేసవి మేడలు. ఒకప్పుడు గుర్రాలు లాగే పడవల్లో, పాటలతో విందులతో దిగేవారట. యుద్ధం అయిపోయేసరికి సగం మేడల కిటికీలు మూతపడ్డాయి. ఎర్సిలియా ఇంటికి ఎదురుగా ఉన్నదానిలో ఎవరో కోళ్లు పెంచుతున్నారు. ఊరు చూడవచ్చినవాళ్లు మేడల దగ్గర నిలబడి ఆహా ఓహో అనుకుని వెళ్లిపోతారు. వంతెన దగ్గర ఒక మనిషి ఉందన్న సంగతి, వంతెన ఆలస్యమైతే తప్ప వాళ్లకు తట్టదు.

ఆమెతో నాలుగు మాటలు మాట్లాడేది సరుకు పడవలవాళ్లే. అదీ పడవ దాటేంతసేపే. అందుకని ఈ కాలువ మీద కబుర్లకు ఒక పద్ధతి ఏర్పడింది. పాదువా వైపు ఎగువకు పోయేటప్పుడు ప్రశ్న, దిగువకు వచ్చేటప్పుడు జవాబు. “మీ కోడలికి పురుడొచ్చిందా?” అని ఒక వారం అడిగితే, “ఆడపిల్ల!” అన్న కేక మరో వారం వినపడేది.

బొర్తొలోది రాళ్లు మోసే పడవ. భార్య పోయిన మనిషి, నోట్లో నాలుక లేనివాడు. ఆయన పడవ వచ్చిందంటే ఎర్సిలియా చేతిలో పిడి చాలా నిదానంగా తిరిగేది. రెండు గట్ల మీదా సైకిళ్లు ఆపుకుని నిలబడ్డ కొవ్వొత్తుల కార్ఖానా ఆడవాళ్లు ఊరుకుంటారా?

“ఏం పిన్నీ, బొర్తొలో మామ వస్తే చాలు, నీ పిడి బిగుసుకుపోతుందే! నూనె పొయ్యమంటావా?”

“ముందు ఆ సైకిలు వెనక్కి జరుపు. నోరు తర్వాత జరుపుదువుగాని.”

అనేది గానీ, చెవులు ఎర్రబడటం అందరికీ కనిపించేది.

తర్వాత లారీలొచ్చాయి. పడవలు ఒక్కొక్కటే కనుమరుగయ్యాయి. ఒక్క పడవ కొమ్ము చప్పుడు కూడా వినపడకుండా తెల్లారి పొద్దుగూకిన రోజులున్నాయి. అలాంటి రోజుల్లో ఎర్సిలియా తన గొంతు ఎలా ఉంటుందో మరిచిపోతానేమోనని భయపడి, ఎదుటి గట్టు మీది కోళ్లను తిట్టేది.

ఒక శరత్కాలపు ఉదయం బొర్తొలో ఎగువకు పోతూ గొంతు తగ్గించి అన్నాడు. “ఎర్సిలియా, పడవ అమ్మేశాను. ఇదే ఆఖరు. ఈ రాళ్లు చేర్చేశాక కియోజాలో మా చెల్లెలింటికి పోవాలి.”

“పోవాలా?”

“పోకపోయినా పోవచ్చు.” టోపీ తీసి, మళ్లీ పెట్టుకున్నాడు. “తిరిగొచ్చేటప్పుడు మలుపు దగ్గర కొమ్ము ఊదుతాను. నన్ను ఇక్కడ ఉండమనాలని నీకుంటే వంతెన తెరవకు. పడవ గుంజకు కట్టేసి మీ ఇంటికి వస్తాను. తెరిచావనుకో, నా దారిన నేను పోతాను, మళ్లీ అడగను. నోటితో మాత్రం ఏమీ అనొద్దు. గట్టు మీద వీళ్లంతా వింటారు.”

ఎర్సిలియాకు ఆలోచించే పనే లేకపోయింది. ఆ సాయంత్రమే, ఎన్నాళ్లుగానో మూల పడి ఉన్న రెండో కుర్చీకి విరిగిన కాలు బిగించింది.

ఆయన వచ్చే రోజు పొద్దున్నించీ వంటే. ఒక పొయ్యి మీద మలుగు చేప ముక్కలు, ఒక పొయ్యి మీద మొక్కజొన్న సంకటి. మలుపు దగ్గర కొమ్ము వినపడింది. వచ్చేశాడు, వచ్చేశాడనుకుంటూ తెడ్డు పడేసి బయటికి పరుగెత్తింది. పిడి పట్టుకుంది. తిప్పింది. పట్టలేని సంతోషంలో ఎన్నడూ లేనంత జోరుగా తిప్పింది. వంతెన సగానికి పైగా జరిగాక గానీ, తానేం చేస్తోందో ఆమెకు తెలియలేదు.

వెనక్కి తిప్పబోయింది. అప్పటికే వాలు నీటి జోరుకు పడవ ముక్కు సందులోకి వచ్చేసింది. ఇప్పుడు మూస్తే గుద్దుకుని మునుగుతుంది. చేసేదేముంది, పూర్తిగా తెరిచింది.

బొర్తొలో ఆమెను చూశాడు. టోపీ తీశాడు. “చల్లగా ఉండమ్మా,” అన్నాడు.

రెండు గట్ల మీదా ఆడవాళ్లు. ఒక్క కేక వేస్తే సరిపోయేది. సిగ్గుతో వెయ్యలేకపోయింది. పాడు సిగ్గు, ఆ వయసులో దేనికి పనికొస్తుంది?

వంతెన కలిపి, సైకిళ్లను పంపించి, చేతులైనా తుడుచుకోకుండానే గట్టు వెంట దిగువకు పరుగు తీసింది. మీరా లాకు దగ్గర పడవలన్నీ ఆగవలసిందే. ఆయన పడవ లాకులోనే ఉంది. నీళ్లు దిగుతున్నాయి, వాటితో పడవా దిగుతోంది. బొర్తొలో టోపీ అప్పటికే ఆమె పాదాల కన్నా కిందికి పోయింది.

“బొర్తొలో! మూసే ఉంచుదామనుకున్నానయ్యా!” లాకు కాపలావాడు తిరిగి చూశాడు. చూడనీ.

“మరి తెరిచావుగా.”

“నేను తెరవలేదు! చెయ్యి తెరిచింది!”

ఆయన తలెత్తి ఆమె వైపు చూశాడు. ముఖంలో కోపం లేదు. ఉంటే బాగుండేది, పోట్లాడి నెగ్గేది.

“నీ సంగతి నీకన్నా నీ చేతికే బాగా తెలుసేమో, ఎర్సిలియా,” అన్నాడు నెమ్మదిగా. “ఒంటరి ఇల్లే దానికి అలవాటు.”

కాదు అనాలి. ఆ ఒక్క మాట చాలు. కానీ అంత పరుగెత్తి వచ్చిన మనిషికి సరిగ్గా అక్కడే తన మీద తనకు అనుమానం పుట్టింది. నిజంగా మరిచిపోయానా? లేక, రెండో కుర్చీలో ఒక మనిషి కూర్చుంటాడంటే లోపల ఎక్కడో బెదిరానా? చేతుల కేసి చూసుకుంది. వాటికి సంకటి అంటి ఉంది.

లాకు దిగువ తలుపులు తెరుచుకున్నాయి. ఇంజను అందుకుంది. మేడల మధ్య నుంచి ఆ చప్పుడు సన్నబడి, సన్నబడి ఆగిపోయింది.

“కాదు,” అంది ఎర్సిలియా చివరికి. లాకులో అప్పటికి నీళ్లే ఉన్నాయి.