కాలువలోకి వచ్చిన శుశుక్

బెంగాలులో ఎర్రజెండాల పాలన నడుస్తున్న రోజులు. గంగలో కలిసే కాలువ దగ్గర లాకు తలుపులు ఎత్తి దించడం అక్కడికి వలస వచ్చిన మా నాన్న పని. పోటుకు గంగ పొంగే సమయంలో ఎత్తితే కాలువ నిండేది. ఒడ్డు ఇళ్ళు మునుగుతాయని ఆ వేసవిలో చాలాకాలం మూసే ఉంచారు. నీళ్ళు నల్లబడ్డాయి. చేపలు తెల్లగా తేలసాగాయి. ఆ కంపులో నాకు ఇంట్లో కాలు నిలిచేది కాదు.

ఒక మధ్యాహ్నం బురదలో ఏదో కదిలింది. పొడుగు మూతి, బూడిదరంగు ఒళ్ళు.

"నాన్నా, అదేటి?"

"శుశుక్. గంగలో మునిగి తేలే డాల్ఫిన్ సూడు, అదే. ఎప్పుడో లోనికొచ్చీసి చిక్కడిపోనాది."

"తలుపులెత్తీ మరి!"

"ఆర్డరు లేదమ్మా. ఎత్తితే మనిళ్ళలోకే నీరు."

అమ్మా, పక్కింటి ఆడవాళ్ళూ దాని మీద తడి చీరలు కప్పి బిందెలతో నీళ్ళు పోస్తున్నారు. నేను వీధి చివరి పార్టీ ఆఫీసుకు పరుగెత్తాను. అందరూ దాదా అని పిలిచే అక్కడి నాయకుడు విని, "ఇళ్ళు మునిగితే ఎవరు జవాబు చెబుతారు? ముందు ఆ ఇళ్ళవాళ్ళను ఒప్పించు, ఆర్డరు కోసం ఫోను చేస్తాను" అన్నాడు.

ఇంటింటికీ తిరిగాను. ఒకాయన తిట్టి తలుపు వేసుకున్నాడు. అందరికన్నా పల్లంలో ఉన్న బెంగాలీ ముసలామె మాత్రం నన్ను పైకీ కిందకీ చూసి, "నా పరుపు అటక మీద పెట్టు, తర్వాత మాట్లాడదాం" అంది. పెట్టాను. ఆమె వెళ్ళి ఆ తిట్టినాయన తలుపు తానే కొట్టింది. సామాన్లు మంచాలెక్కాయి.

దాదా ఫోనుతో ఆర్డరు వచ్చేసరికి పోటు మొదలైంది. నాన్న చక్రం తిప్పాడు. మట్టి రంగు నీళ్ళు ఉరికివచ్చాయి. శుశుక్ ఒక పక్కకి ఒరిగి అలాగే ఉండిపోయింది. అంతలో బుస్సుమని ఊపిరి వదిలి మునిగింది. లాకు దగ్గర ఒకసారి వీపు కనిపించింది. మళ్ళీ కనిపించలేదు.

ఇంట్లో మోకాలి లోతు నీళ్ళు. "బియ్యం డబ్బా ఎత్తలేదేటే!" అని అమ్మ కేకలేసింది.

ఆ తర్వాత కొన్ని పోట్లకు తలుపులు కొంచెం ఎత్తేవాళ్ళు, చిన్నచేపలు తిరిగొచ్చాయి. వానలు రాగానే మళ్ళీ మూసేశారు. ఆ శుశుక్ గంగ చేరిందో లేదో మాకెవరికీ తెలియదు. నేను మాత్రం పోటు వేళకల్లా గట్టు మీదికి వెళ్ళి నిలబడేదాన్ని.