మా ల్యాబ్ సారు మీద రాసిన నోటుబుక్కు

కొత్తగా చేరినవాళ్ళకు పని నేర్పే బాధ్యత ఈమధ్య నాకు అప్పజెప్పారు. దానికి ముందు ఒక కాగితం నింపమన్నారు. అందులో ఒక గడి: మీకు పని నేర్పిన పెద్దలు ఎవరు? మిగతావన్నీ పది నిమిషాల్లో నింపాను గాని, ఆ ఒక్క గడి రెండు రోజులు ఖాళీగానే ఉంది. చివరికి 'మా ల్యాబ్ సారు' అని రాసి ఇచ్చేశాను. రాశానన్న మాటే గాని, అది ఎంతవరకు నిజమో ఇప్పటికీ నాకు పూర్తిగా తెలియదు.

తొంభైల చివర మేడ్చల్ దగ్గర ఒక విత్తనాల కంపెనీలో నేను రోజుకూలీని. శామీర్‌పేట నుంచి మా చిన్నమ్మా నేనూ ఒకే ఆటోలో, ఒకరి ఒళ్ళో ఒకరం కూర్చున్నట్టుగా వచ్చేవాళ్ళం. పొడుగాటి బల్ల మీద పోసిన మొక్కజొన్న గింజల్లో విరిగినవీ పుచ్చినవీ ఏరడం మా పని. పక్క గదిలోనే గింజలకు మందు కలిపేవాళ్ళు. ఆ ఎర్ర దుమ్ము ఎంత కడిగినా గోళ్ళ సందుల్లోంచి పోయేది కాదు. మా వాడలో మమ్మల్ని చూసి రోజూ గోరింటాకు పెట్టుకుంటారా అని ఎగతాళి చేసేవాళ్ళు. నాది పదో తరగతి చదువు. కాని ఆదివారాలు మేడ్చల్ శాఖా గ్రంథాలయంలో కూర్చుని ఉన్న నాలుగు బీరువాల్లో మూడు చదివేశాను. నాలుగోదాని తాళంచెవి పోయింది. వ్యవసాయం, వైద్యం, అపరాధ పరిశోధన, కోర్టు చట్టాలు, ఏది దొరికితే అది. కోర్టులో నోటిమాటకంటే తేదీ వేసి రాసిన కాగితానికి బలం ఎక్కువని అక్కడే నేర్చుకున్నాను. ఆ చదువే నన్ను ఒక పెద్ద తప్పు పనికి తయారుచేసింది.

ల్యాబ్ సారు అల్వాల్ నుంచి లోకల్ రైల్లో వచ్చేవారు. సన్నటి మనిషి, మాట తక్కువ, కళ్ళద్దాలు మాటిమాటికీ తుడుచుకునే అలవాటు. ఒకరోజు నేను సద్దిమూటకు చుట్టిన పేపరు విప్పి చదువుతుంటే చూసి, "చదువొస్తదా అమ్మా? ఇట్ల రా" అని ల్యాబులోకి పిలిచారు. నూరు గింజలను తడి కాగితం మీద వరసగా పేర్చి, చుట్టచుట్టి, చెమ్మగదిలో నిలబెట్టేవారు. ఏడో రోజు విప్పి, సరిగ్గా మొలిచినవి ఎన్నో లెక్కపెట్టాలి. వేరు పొట్టిగా ఉన్నా, మొలక మెలిపడినా లెక్కలోకి రాదు. నూటికి తొంభై రాకపోతే ఆ లాటు బస్తాలు, అంటే ఆ నూరు గింజలు తీసిన రాశి మొత్తం, గేటు దాటకూడదు.

సారు ముందు తాను లెక్కపెట్టి, అంకె ఒక చీటీ మీద రాసి, మడిచి తెల్లకోటు జేబులో వేసుకునేవారు. తరువాత అదే చుట్ట నాతో లెక్కపెట్టించేవారు. నేను అంకె చెప్పగానే ముఖం అదోలా పెట్టి, తన చీటీ మాత్రం చూపకుండా, ఇంకో చీటీ మీద నా అంకె వేసి దాని కింద నాచేత సంతకం పెట్టించేవారు. తప్పో ఒప్పో చెప్పేవారు కాదు. ఇలా ఐదు నెలలు.

"సంతకం వెట్టినవా? ఇగ అయిపాయె," అంది చిన్నమ్మ. "గింతమందిమి ఉన్నం గదా, నిన్నే ఎందుకు పిలుస్తుండు? ఊకెనే ఎవ్వలు నేర్పరు బిడ్డా."

ఆమె భయం ఉత్తది కాదు. అంతకుముందు సీజన్లో ఒక లాటు రైతుల చేలల్లో మొలవకపోతే, సంచి మీద సంతకం పెట్టిన ప్యాకింగు పనామెను మర్నాటికల్లా తీసేశారు. నన్ను తీసేస్తే చిన్నమ్మనూ ఉంచరు. రెండు ఇళ్ళ పొయ్యిలు ఆ కూలితోనే వెలిగేవి. పైగా పెద్దసారు, అంటే మా యజమాని, వచ్చినప్పుడల్లా ల్యాబ్ సారు సెలవులో ఉండేవారు. ఒకసారి కాదు, మూడుసార్లు.

అందుకని నేనూ ఒక నోటుబుక్కు పెట్టాను. తేదీ వేసి, ఆయన ఏం చేశారో, ఏం దాచారో అన్నీ రాశాను. ఒక మధ్యాహ్నం ఆయన అన్నానికి వెళ్ళినప్పుడు, చిన్నమ్మ తలుపు దగ్గర కాపలా ఉంటే, మేకుకు తగిలించిన కోటు జేబులోంచి చీటీ తీసి చూశాను. ఆయన అంకె తొంభై రెండు. అదే చుట్టకు నేను చెప్పింది ఎనభై నాలుగు. తన అంకెతో లాటు పంపించి, రేపు అది మొలవకపోతే నా అంకె దిద్ది నా సంతకమే చూపిస్తారన్నమాట!

ఆ వారంలోనే పెద్దసారు వచ్చారు. ల్యాబ్ సారు సెలవు. నేను తిన్నగా వెళ్ళి నోటుబుక్కు ఆయన చేతిలో పెట్టాను. పెద్దసారు రెండు పేజీలు తిప్పి, బీరువాలోంచి ల్యాబు రిజిస్టరు తీయించి నా ముందు తెరిచారు. ప్రతి లాటుకూ పక్కపక్కనే రెండు అంకెలు, ఒకటి ల్యాబ్ సారుది, ఒకటి నాది, నా పేరుతో సహా. మూడో గడిలో సర్కారు ల్యాబు నుంచి వచ్చిన అంకె. అన్నిచోట్లా అది నా అంకెకే దగ్గరగా ఉంది. ఆ ఎనభై నాలుగు దగ్గర ల్యాబ్ సారు చేతిరాత: 'రెండో లెక్కే తీసుకోవాలి. లాటు ఆపాలి.'

సోమవారం నుంచి నేను ల్యాబ్ అసిస్టెంటును. సారును గోదాముకు మార్చారు. పెద్దసారు తన చేతికిచ్చిన నా నోటుబుక్కును ఆయన వెళ్తూ నాకు తిరిగి ఇచ్చారు. తెరిస్తే అంతటా ఎర్ర పెన్సిలు దిద్దుళ్ళు! ఒకచోట 'బుధవారం కాదు, గురువారం.' ఇంకోచోట 'అనుమానం సరే, సాక్ష్యం ఏది?' నా అంకె వినగానే ముఖం మాడ్చుకున్నారని రాసినచోట మాత్రం 'నిజమే.'

"ఒక్కమాట చెప్తే అయిపోయేది గదా సార్," అన్నాను, ఏడుపు ఆపుకుంటూ.

"నా లెక్క ముందుగాల జెప్తే, నువ్వు దాన్ని జూసుకుంట లెక్కవెడ్తుంటివి. మా సారు లెక్క జూసుకుంట నేను పదేండ్లు గట్లనే జేసిన."

"మరి పెద్దసారు వచ్చినప్పుడల్లా సెలవెందుకు?"

"నేనుంటే ఆయన నీ మొకం సూస్తడా?"

ఆటోలో చిన్నమ్మతో చెబితే నవ్వింది. "కండ్లు కనవడ్తలేవు ఆయనకు. గంత సన్నటి వేర్లు ఏం కనవడ్తయ్? నీ కండ్లతోని నౌకరి నడిపించుకున్నడు."

"మరి నా లెక్కే తీసుకోమని ఎందుకు రాశారు?"

"నాకేం ఎరుక? లైబ్రరీ సదువు నీది, నువ్వే జెప్పు."

నా మూడు బీరువాల చదువులో దానికి జవాబు దొరకలేదు. సారు ఇంకో రెండేళ్ళు గోదాములో పనిచేశారు. నమస్కారం పెట్టేదాన్ని, క్షమించమని మాత్రం అడగలేదు. దూరంగా నిలబడి, బిల్లు చదివేటప్పుడు కాగితం ఎంత దగ్గరికి పట్టుకుంటున్నారో గమనించేదాన్ని. ఒకరోజు ముక్కుకు ఆనించేవారు. ఇంకోరోజు లారీ మీది నంబరు గేటు దగ్గర్నుంచే చదివేవారు. ఆయన నాకు నేర్పారా, నన్ను వాడుకున్నారా? రెండింటిలో ఒకటే నిజమై ఉండాలని అప్పుడు గట్టిగా అనుకున్నాను. ఒకే మనిషి రెండూ ఒకేసారి చేయగలడని ఒప్పుకోవడానికి నాకు ఆయన వయసు రావలసి వచ్చింది.