సంత నాటి మాస్టారు

ఇరవై ఏళ్లు దాటింది. ఒక నోటుబుక్కు కాగితం నన్ను వదలడం లేదు. దాన్ని చించింది నేనే, పొయ్యిలో పడేసింది నేనే. అయినా అందులోని ఆరు వాక్యాలూ ఇవాళ్టికీ కంఠతా వచ్చు. ఇంట్లోవాళ్లకు చెప్పలేదు. మీకు చెబుతున్నాను. జాలి పడతారని కాదు. పడొద్దు కూడా.

తొంభైల చివర్లో మన్యంలో, హుకుంపేట అవతల కొండ మీద ఒక ఊళ్లో నేనొక్కణ్ణే మాస్టార్ని. కాపురం కింద, మైదానంలో. సంత నాడు అటు జీపులు తిరిగేవి కాబట్టి సంత నాడే వెళ్లేవాణ్ణి. వారానికి ఒక్క రోజు. మిగతా రోజుల సంతకాలూ అప్పుడే గీకేసేవాణ్ణి. అందరూ అంతే కదా అని సర్దిచెప్పుకునేవాణ్ణి. అందరూ అంటే ఎవరు? నా చేతికి సంతకం పెట్టమని ఎవడు చెప్పాడు?

ఆ ఏడు పైనుంచి ఆర్డరు వచ్చింది. పిల్లలు బోర్డు చూసి ఎక్కించుకోవడం కాదు, సొంతంగా రాయాలి, అధికారులు వచ్చి నోటుబుక్కులు చూస్తారు అని. సరేనని, మన బడి గురించి మీకు తోచింది రాయండి అన్నాను. అందరూ పెన్సిళ్లు నములుతూ కూర్చున్నారు. మూడో తరగతి బుద్రి ఒక్కతే తల ఎత్తకుండా రాసింది.

‘మా బడికి తాళం ఉంటుంది. మాస్టారు సంత నాడే వస్తారు. ఆ రోజు అమ్మ చింతపండు అమ్మడానికి పోతుంది. నేను చెల్లిని ఎత్తుకుని బడికి వస్తాను. మిగతా రోజులు తాళం చూసి ఇంటికి పోతాను. నాకు రోజూ బడి కావాలి.’

ఇంట్లో తెలుగు మాట్లాడని పిల్ల! నేను నేర్పింది ఏపాటి, ఆ పిల్ల రాసింది ఎంత! ఎగిరి గంతెయ్యాలి కదా మాస్టారన్నవాడు? నాకు ఒళ్లు మండిపోయింది. ఆ కాగితం అధికారి చూస్తే నా ఉద్యోగం ఏమవుతుందన్నదే నా బాధ. పర్రున చించి, స్కేలుతో వేళ్ల మీద కొట్టాను. బోర్డు మీద నేనే మూడు వాక్యాలు రాశాను.

చెయ్యి ఒళ్లో దాచుకుని అడిగింది. “ఏటి తప్పు రాసేను మాస్టారూ? నిజవే గదా?”

“నువ్వు రాసిందంతా అబద్ధం. బోర్డు మీద ఉన్నదే నిజం. అదే రాయి.”

ఏడవలేదు. బోర్డుకేసి చూసి రాయడం మొదలుపెట్టింది. ‘మా బడి అందమైనది. మా మాస్టారు రోజూ వస్తారు. చక్కగా పాఠాలు చెబుతారు.’ వంద సార్లు రాయించాను. సిగ్గులేని వెధవని.

అధికారి వచ్చాడు, నోటుబుక్కులు తిరగేశాడు, పిల్లల రాత బాగుపడిందని విజిట్ బుక్కులో రాశాడు. నన్ను చూసి నేర్చుకోమని మీటింగులో మిగతా మాస్టార్లకు చెప్పాడు. చప్పట్లు కొట్టారు. నేను నవ్వుతూ నమస్కారం పెట్టాను.

మరుసటి ఏడు గురుకులం సీట్ల కోసం పరీక్ష పెట్టారు. మా ఊరి నుంచి రాసింది బుద్రి ఒక్కతే. పేపర్లు దిద్దే డ్యూటీ నాకు పడింది. పేపరు మీద పేర్లుండవు, నంబర్లే. మీ అమ్మ గురించి రాయండి అన్నది ప్రశ్న. ఒక పేపరు తెరిచాను. ‘మా బడి అందమైనది. మా మాస్టారు రోజూ వస్తారు.’ ఒక్క తప్పు లేదు. పేరెందుకు నాకు? చింతపండు అమ్మే అమ్మ గురించి రాయడానికి ఆ పిల్లకు మాటల్లేకనా? సొంతంగా రాస్తే దెబ్బలు పడతాయని నేర్పింది నేను కాదూ?

పక్క మాస్టారు తొంగిచూసి, ఎవడో బాగా బట్టీ పట్టించాడని నవ్వాడు. నేనూ నవ్వాను. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పటికీ నా చెంప నేనే పగలగొట్టుకోవాలనిపిస్తుంది. అది నా పిల్ల, తప్పు నాది అని ఒక్క మాట అనలేకపోయాను. అంటే ఎందుకు, ఎలా అని అడుగుతారు. ఎర్ర పెన్నుతో సున్నా వేసి, పేపరు కట్టలో కిందికి తోసేశాను.

సీటు రాలేదు. బుద్రి బడి మానేసి కాఫీ పళ్ల కోతకు కూలికి పోయింది. నాకు ప్రమోషన్ వచ్చింది, పెన్షన్ వస్తోంది.

క్షమించమని అడిగే మొహం నాకు లేదు. చించిన కాగితం తిరిగి రాదు. అందులో ఒక వాక్యమైనా ఇన్నేళ్లకు నా చేత్తో రాస్తున్నాను, అంతే. మాస్టారు సంత నాడే వస్తారు. బుద్రి నిజమే రాసింది.