చింతచేవ అంచు

మొన్న ఆదోని మార్కెట్ యార్డు దారిలో రోడ్డు వెడల్పు చేయడానికి చింతచెట్టు కోస్తుంటే, ఆటోలో పోతున్న నాకు ఆ పచ్చి కొయ్య వాసన వచ్చి ముక్కుకు తగిలింది. పులుపూ కాదు, వగరూ కాదు, తడిసిన బెల్లం గోనె లాంటి వాసన. పక్కన కూర్చున్న కోడలు ఏమైందత్తా అని అడిగేదాకా, నా రెండు చేతులూ ఒడిలో తాడు పట్టుకున్నట్టు బిగుసుకుని ఉన్నాయని నాకే తెలియలేదు.

మేము దూదేకులవాళ్లం. మా వాళ్లంతా దూది ఏకుతుంటే నాయనను కన్న మా జేజినాయన మాత్రం, ఎవరి దగ్గర నేర్చాడో ఏమో, తరిమెన పట్టాడు. తరిమెన అంటే రెండు మొద్దుల నడుమ తిరిగే ఇరుసు. దానికి తాడు చుట్టి ఒకరు అటూ ఇటూ లాగుతుంటే, ఇంకొకరు నేలమీద కూర్చుని, ఉలిని కాలివేళ్లతో అదిమిపట్టి, తిరిగే కొయ్యను నున్నగా చెక్కుతారు. మంచం కోళ్లు, అప్పడాల కర్రలు, గంధం కలిపే కొయ్యగిన్నెలు, అవే మరిగెలు, పిల్లల బొంగరాలు, అన్నీ ఆ ఇరుసు మీద పుట్టినవే. చెక్కేది మా నాయన, తాడు లాగేది నేను. బడి ముఖం నేను ఎక్కువ చూడలేదు. అక్షరాలు రాలేదు గానీ తాడు వచ్చింది.

వానలు ముఖం చాటేసిన డెబ్బైల నాటి ఎండాకాలాలు అవి. మిల్లుల నుంచి దూది నలుసులు గాలికి కొట్టుకొచ్చి, నూనె రాసుకున్న తలకు అతుక్కుని, పదేళ్ల పిల్లలమంతా ముసలివాళ్లలాగా కనిపించేవాళ్లం. పొద్దున్నే వీధి చివర ఉగ్గాని తాలింపు వాసన, పక్కింట్లో జొన్నరొట్టె తట్టే చప్పుడు, మా ఇంట్లో నిప్పుల మీద లక్క కరిగే ఘాటు. పీర్ల పండగ వస్తే జేజి చొంగెలనే తీపి రొట్టెలు చేసి బెల్లం పానకంతో పంచేది. బొంగరాలకని కొయ్యముక్కలు పట్టుకొచ్చిన పిల్లలు వాటికోసమే మా గడప వదిలేవాళ్లు కాదు. జేజినాయనకు చూపు సన్నగిలింది. కొయ్యను చెంపకు ఆనించుకుని అది ఆరిందో లేదో చెప్పేవాడు. ఆ చెంప ఎప్పుడూ తప్పలేదని మా ఇంట్లో ఒక నమ్మకం.

ఆ ఏడు నాయనకు విషజ్వరం వచ్చింది. ప్రాణం దక్కింది గానీ చెవులు మందగించాయి, చేయి వణికేది. రెండు మరిగెలు వరసగా పాడయ్యాయి. అప్పుడు చిన్నాయన ఎమ్మిగనూరు నుంచి వచ్చాడు. అక్కడ మగ్గాలవాళ్లకు నూలు చుట్టే కండెలు కావాలి, ఏడాది పొడుగునా పని ఉంటుంది, తరిమెన నాకిమ్మని అడిగాడు. ఇంట్లో ఉన్నది ఒకటే తరిమెన, కొడుకులు ఇద్దరు. అది పోతే నాయనకు మిగిలేది జిన్నింగు మిల్లు. ఆ మిల్లు దుమ్ములోనే మా మేనమామ దగ్గి దగ్గి పోయాడు. అందుకే చిన్నాయన ఉన్నన్నాళ్లూ అమ్మ కూరలో ఉప్పుంటే కారం ఉండేది కాదు.

జేజినాయన తీర్పు ఇట్లా చెప్పాడు. ఒక షావుకారి ఇంట్లో పెండ్లికి గంధం మరిగె అడిగారు. ఒళ్లు తెల్లని వేపకొయ్య, మూతికి నల్లని చింతచేవ అంచు. అది మచ్చ లేకుండా దిగితే తరిమెన ఆదోనిలో ఉంటుంది. లేకుంటే బండెక్కి ఎమ్మిగనూరు పోతుంది.

మరిగె ఒళ్లు మచ్చ లేకుండా దిగింది. అంచు కోసం చింతచేవను కడియంలాగా కోసి, బర్రెకు పెట్టే పత్తిగింజల కుప్పలో పూడ్చారు. గింజల లోపల కొయ్య నిదానంగా ఆరుతుంది, చీలదు. మూడోనాడు జేజినాయన దాన్ని చెంపకు ఆనించుకుని, “ఇంకా పచ్చిగుంది. నాలుగు దినాలన్నా ఆగల్ల” అన్నాడు. పెండ్లికి అన్ని దినాలు లేవు. నాయన వణికే చేతిని మోకాలి కింద దాచుకోవడం నేను చూశాను.

మరునాడు అందరూ పడుకున్న మధ్యాహ్నం కడియాన్ని గింజల్లోంచి తీసి, మిద్దె మీద ఆరబోసిన మిరపకాయల పక్కన పెట్టాను. ఎండలో కొయ్య పెట్టకూడదని నాకు తెలుసు. మిరపకాయలు ఆరుతున్నాయి గదా, ఇదీ ఆరుతుందిలే అనుకున్నాను. రెండు మధ్యాహ్నాలు అట్లా పెట్టి తీశాను. రెండోరోజు తీసేసరికి లోపలి వైపు నా వెంట్రుకంత సన్నగా గీత కనిపించింది. నాయన చిల్లులు పూడ్చేటట్టే లక్కలో కొయ్యపొడి కలిపి రుద్దేసి, మళ్లీ గింజల్లో పూడ్చేశాను. సాయంత్రం జేజినాయన చెంపకు ఆనించి ఆరిందన్నాడు. అమ్మ ఆ పూట ఉప్పూ కారం సరిగ్గా వేసి వండింది.

తెల్లవారి నాయన కడియాన్ని లక్కతో మరిగె మూతికి అతికించి, ఇరుసుకు ఎక్కించాడు. జేజినాయన వాకిట్లో మంచం మీద కూర్చున్నాడు, చిన్నాయన గడప దగ్గర గొంతుక్కూర్చున్నాడు. నేను తాడు అందుకున్నాను. మొదట బాగానే నడిచింది. నల్లని పొట్టు చుట్టలు చుట్టలుగా లేచి నాయన ఒడిలో పడుతోంది. తెల్లని వేప మీద ఆ నల్లటి అంచు తేలి వస్తుంటే, నిజం చెప్పాలంటే, అంత అందమైన వస్తువు మా ఇంట్లో అంతకుముందు పుట్టలేదు. తర్వాత నాయన లోపలి వైపు చెక్కడానికి వంగాడు. కన్ను కొయ్యకు జానెడు దూరం కూడా లేదు. అప్పుడు వినబడింది, టిక్కుమని. చుట్టుకొకసారి టిక్కు. నాయనకు వినబడదు. జేజినాయనకు కనబడదు. నా చేతులు వాటంతటవే నెమ్మదించాయి.

“ఏం పాపా, నిద్దరొస్తాందా? ఇట్ల లాగితే ఈ మరిగె నీ పెండ్లికి అయితాది” అన్నాడు చిన్నాయన.

నేను ఇంకా నాలుగుసార్లు లాగాను. ఆ నాలుగూ నాకు గుర్తే. చెబితే తరిమెన పోతుంది, చెప్పకపోతే ఆ కడియం పగిలి నాయన కంట్లో పడుతుంది. తాడు వదిలేశాను. చిన్నాయన లేచి వచ్చి, ఇటియ్యి నేను లాగుతానని తాడు అందుకున్నాడు. నేను పోయి మరిగె మీద రెండు చేతులూ పెట్టేశాను.

“లాగొద్దు సిన్నాయనా. కడియం చీలింది. నేనే ఎండలో పెట్టినా.”

ఎవరూ నన్ను కొట్టలేదు. కొట్టి ఉంటే బాగుండేది. నాయన బొటనవేలి గోరుతో అంచు లోపలంతా తడిమి, ఒకచోట ఆగాడు. జేజినాయన మంచం దిగొచ్చి, నాయన చెవి దగ్గరికి వంగి అడిగాడు.

“ఎక్కిచ్చే ముందర గోరుతో సూసినావా?”

నీ చెంప ఆరిందని చెప్పింది గదా అని మా నాయన అనవచ్చు. పసిపిల్ల చేసిన పని అనవచ్చు. ఆ రెండూ అనలేదు.

“లేదు నాయనా. తొందరలో సూడలేదు.”

“అట్లయితే పాపను ఏమనేదుండాది? ఎక్కిచ్చినోనిదే తప్పు” అని జేజినాయన మరిగెను నిప్పుల మీద పట్టి, లక్క కరిగాక కడియాన్ని నిదానంగా ఊడదీసి, అవే నిప్పుల్లోకి వదిలేశాడు. చింతచేవ కదా, చాలాసేపు కాలింది.

అంచు లేని మరిగెలో జేజి జొన్నపిండి పోసుకుంది. వారం తిరిగేసరికి తరిమెన ఎమ్మిగనూరు బండెక్కింది. చిన్నాయన చెడ్డవాడని నేను అనను, ఆయన ఇంట్లోనూ నాలుగు నోళ్లున్నాయి. నాయన మిల్లుకు పోయాడు. దూది నలుసులు ఇప్పుడు గాలికి రావడం కాదు, ఆయనే ఒంటినిండా మోసుకొచ్చేవాడు.

ఇప్పుడు ఎమ్మిగనూరులో కండెలు ప్లాస్టిక్కువి, మంచాలు ఇనుపవి, మా వీధిలో కొయ్యను చెంపకు ఆనించుకునేవాళ్లు ఒక్కరూ లేరు. నా పెనిమిటీ పోయి ఎనిమిదేళ్లయింది. ఎనభైలలో, నా పెద్దకొడుకు చంకలో ఉన్నప్పుడు, నాయన దగ్గుతో మంచాన పడ్డాడు. ఒకరోజు ఆయన చెవిలో అడిగాను, ఆ కడియం నిజంగా పగిలేదా, నిలిచేదా అని.

“నిలిచేదేమో పాపా. తెలుసుకోవల్లని నాకెప్పుడూ అనిపీలేదు” అన్నాడు.

ఆ పొద్దు ఆ వాకిట్లో ఉన్నవాళ్లలో మిగిలింది నేనొక్కదాన్నే. తెలుసుకోవాలని నాకు మాత్రం ఇంకా ఉంది.