బ్యాటరీ పక్కనే

కార్లలో ఆంప్లిఫయర్లు బిగించే ఆమెను అందరూ మొండిఘటం అంటారు, ముఖం మీదే. ఆమె కూడా ఆ పేరుకే పలుకుతుంది.

తండ్రి పోయాక షాపు అన్నయ్యది అయింది, పని మాత్రం ఇద్దరిదీ. కోటలు దాటే మాటలు అన్నయ్యవి, తీగలు లాగడం చెల్లెలిది. ఇద్దరికీ చెడేది ఒక్క ఫ్యూజు దగ్గరే. అన్నయ్య దాన్ని డిక్కీలో, ఆంప్లిఫయర్ పక్కన, నీలం లైటు కింద పెడతాడు. డిక్కీ తెరిచినవాడు అబ్బా అనాలి కదా. బానెట్ కింద పెడితే ఎవరు చూస్తారంటాడు.

వీధి తలుపు బార్లా తీసి పెరటి తలుపుకు తాళం వేసే తెలివి అది. ఆమె నోరు మూసుకుని, అతను అటు తిరగగానే బ్యాటరీకి జానెడు దూరంలో మరో ఫ్యూజు బిగించేది. అతనూ చూడనట్టే ఊరుకునేవాడు.

ఈసారి కారు అతనిదే. సెలవురోజు ఒక్కడే కూర్చుని బిగించుకున్నాడు. మర్నాడు వదిన పిల్లలతో ఆ కారులో పుట్టింటికి బయలుదేరుతుంటే, చెల్లెలు బానెట్ ఎత్తి చూసింది. బ్యాటరీ దగ్గర ఫ్యూజు లేదు. తీగ ఊడబీకి, కారు తాళాలు జేబులో వేసుకుంది.

"నా కారు, నా పెళ్ళాం, నా పిల్లలు. మధ్యలో నీకేంటి?" అన్నాడు అన్నయ్య.

"నేను మేనత్తని. నీ ఫ్యూజు ఆంప్లిఫయర్‌ని కాస్తుంది. ముందున్న బ్యాటరీ నుంచి డిక్కీ దాకా వచ్చే తీగని ఎవరు కాస్తారు? దారిలో ఇనుముకి ఒరుసుకుందంటే మంట అక్కడే లేస్తుంది."

"పాతికేళ్లుగా చేస్తున్నా, ఒక్క కారైనా కాలిందా?"

"కాలనిచ్చానా?"

అతని ముఖం కందగడ్డ అయింది. "కారు తాళాలు ఇక్కడ పెట్టు. లేదా షాపు తాళాలు పెట్టి పో."

ఈ పని తప్ప ఆమెకు మరోటి రాదు, ఈ షాపు తప్ప మరో చోటు తెలియదు. అయినా షాపు తాళాలే తీసి కౌంటరు మీద పెట్టి, పనిముట్లతో కారు దగ్గరికి వెళ్లింది.

"బస్సులో పోండి," అని భార్య మీద అరిచాడు అన్నయ్య. వదిన సంచి కింద పెట్టి మెట్టు మీద కూర్చుంది. "అయ్యేదాకా ఉంటాంలెండి," అంది.

ఫ్యూజు బిగిసింది. వదిన కారు తీసుకుని వెళ్లిపోయింది. అన్నయ్య షాపు తాళాలు చెల్లెలి వైపు తోశాడు.

"తీసుకో. ఏదో కోపంలో అన్నాను."

ఆమె ముట్టుకోలేదు. "నాకు జ్వరం వచ్చిన వారం నువ్వొక్కడివే బిగించిన కార్లున్నాయిగా. అన్నిటినీ వెనక్కి పిలిపించు, అప్పుడు తీసుకుంటాను."