జొన్నల సారు మాటకు నా తెలుగు

ఆ రోజుల్లో నాకు రెండు గట్టి నమ్మకాలుండేవి. ఈ దేశం బాగుపడాలంటే మంచి మాటను జనానికి అర్థమయ్యేలా చెప్పే మనిషి ఒకడు కావాలన్నది మొదటిది. ఆ మనిషిని నేనేనన్నది రెండోది. డిగ్రీ అయిపోయి, ఉద్యోగం దొరక్క, కన్నడ సీమలో పోతనాళ దగ్గరి మా క్యాంపులో నాన్న పండించిన బియ్యం తింటూ నాన్న వ్యవసాయాన్నే తప్పుపడుతూ తిరిగే వయసు అది. (క్యాంపంటే గుడారాలనుకోకండి. తుంగభద్ర కాలువ నీళ్ళొచ్చాక కోస్తా నుంచి వచ్చి మా తాతలు కట్టుకున్న ఊళ్ళకు అప్పట్లో పడ్డ పేరు అది. తర్వాత మేడలు లేచాయి, పేరు మాత్రం మారలేదు.) సరిగ్గా అప్పుడే, మాన్వి కాలేజీలో నాకు వృక్షశాస్త్రం చెప్పిన కన్నడిగ మాస్టారు ఒకాయన రిటైరై, పర్యావరణం పార్టీ తరఫున అసెంబ్లీ ఎన్నికల్లో నిలబడ్డారు. కనపడ్డ రైతునల్లా వరి మానేసి జొన్న వెయ్యమనేవారు కాబట్టి ఊరూరా ఆయన పేరు జొన్నల సారు. మా తాలూకాలో ఆ పార్టీ బలగమంతా కలిపి నలుగురం. సారు, సారు భార్య, పుస్తకాల షాపాయన, నేను.

ప్లాస్టిక్ ఫ్లెక్సీలు వద్దన్నారు సారు. జీపు వద్దు, మైకు వద్దు అన్నారు. ఇక మిగిలింది రెండు సైకిళ్ళు, సారు భార్య పాత దుప్పటి మీద రంగుతో రాసిచ్చిన బ్యానరు. ఓట్ల నెలలో మా జిల్లా ఎండ ఎలా ఉంటుందో తెలిసినవాళ్ళు మా ప్రచారాన్ని చూసి జాలిపడి మజ్జిగ ఇచ్చేవారు. సారుకి చెట్ల మీద ఎంత ప్రేమో ప్రజాస్వామ్యం మీదా అంతే. ఎన్నికల పద్ధతినే మార్చాలనేవారు. నాయకుడు ఏ ఊళ్ళో ఏం చెబితే అది ఆ ఊరివాళ్ళు కాగితం మీద రాసుకోవాలి, అతను కింద సంతకం పెట్టాలి, మాట తప్పితే అయిదేళ్ళు ఆగకుండా సగం మంది చేతులెత్తి దింపెయ్యాలి. ఇదీ ఆయన సంస్కరణ. గెలిచాక కాదు, ఇప్పట్నుంచే అమలన్నారు. ఎవరికి వాళ్ళ ఇంటి భాషలో చెప్పాలన్నది ఇంకో నియమం. అందుకే క్యాంపుల్లో ఆయన కన్నడాన్ని తెలుగు చేసే ఉద్యోగం నాకు దక్కింది. జీతం లేదు గానీ హోదా ఉంది.

మొదటి సభ మా క్యాంపులోనే, పాలకేంద్రం ముందు. ముందు వరసలో మా పెదనాన్న (క్యాంపులో ఏ తగువైనా ఆయన మంచం దగ్గరే తెగాలి), పక్కన నాన్న, వెనక ఆడవాళ్ళలో అమ్మ. సారు చేతులు జోడించి మొదలుపెట్టారు. కాలువ మొదట్లో ఉన్న మీరు వరి రెండుసార్లు పండిస్తున్నారు, చివరి ఊళ్ళకు ఒక్క పంటకైనా నీళ్ళందడం లేదు, నేను గెలిస్తే రెండో వరికి నీళ్ళు ఆపమని అడిగే మొదటివాణ్ణి నేనే, ఆ కాలంలో మీరూ జొన్న వేసుకోండి అన్నారు. అని, నా వైపు తిరిగి "హేళప్పా" అన్నారు, చెప్పవయ్యా అని.

నేను నాన్న మొహం చూశాను. ముందురోజు దాకా ఇదే మాట నాన్నతో భోజనాల దగ్గర తెగ వాదించినవాణ్ణి. అంతమంది మధ్య, పెదనాన్న మీసం ఎదురుగా నిలబడేసరికి ఆ వాదనంతా ఎగిరిపోయింది. "చివరి ఊళ్ళకీ నీళ్ళందాలి, మన రెండో పంటకీ, దాళ్వాకీ నీళ్ళు రావాలి, అందుకోసం అందరికన్నా ముందు నేనే కొట్లాడతానంటున్నారు సారు" అన్నాను. చప్పట్లు మోగాయి. సారు కళ్ళు చెమర్చాయి. పెదనాన్న నింపాదిగా కాగితం తెప్పించి, నేను చెప్పింది చెప్పినట్టు తెలుగులో రెండు ప్రతులు రాయించాడు. తెలుగు ముక్క రాని సారు రెండింటి మీదా సంతకం చేసి, "మీ అంత పెద్ద మనసు నేనెక్కడా చూడలేదు" అన్నారు. ఆ ఒక్క వాక్యం మాత్రం పొల్లు పోకుండా తెలుగు చేశాను.

మర్నాడు కాలువ చివరి ఊరికి వెళ్ళాం. అక్కడ కాలువలో పిల్లలు గోలీలాడుతున్నారు. సారు ఉత్సాహంగా కాగితం తీసి, పైవాళ్ళు రెండో వరి వదులుకోవడానికి ఒప్పుకున్నారు, చూడండి అన్నారు. జనం నమ్మలేనట్టు చూశారు. ఒక ముసలాయన కళ్ళు తుడుచుకున్నాడు కూడా. ఆ ఊళ్ళో ఒక దర్జీ ఉన్నాడు, చిన్నప్పుడు గద్వాల బడిలో చదువుకున్నవాడు. కళ్ళజోడు సవరించుకుని కాగితం అందుకున్నాడు. అక్కడిదాకా నేను హాయిగానే ఉన్నాను, తెలుగు చదవగలిగేవాడు ఆ ఊళ్ళో కూడా ఉండొచ్చని నా డిగ్రీ నాకు చెప్పలేదు.

"గిదేంది సారూ. గిండ్ల గట్ల లేదు గదా. రెండో పంటకు నీళ్ళు ఇప్పిస్త అని రాసిన్రు. కింద దస్కత్ మీదే ఉంది" అన్నాడు దర్జీ. అని, అందరికీ వినపడేలా కన్నడంలో కూడా చదివాడు. (ఆయన అనువాదం నిక్కచ్చిగా ఉంది.)

సారు నన్ను తిట్టలేదు. తిట్టినా బాగుండేది. కళ్ళు తుడుచుకున్న ముసలాయన లేచి, కండువా దులిపి భుజాన వేసుకుని వెళ్ళిపోతుంటే ఆయన్నే చూస్తూ కాసేపు నిలబడ్డారు. ఊరూరా తిరిగి ఆ పెద్దమనిషి అడిగిందల్లా నా మాట నమ్మండి అనే. ఆ మాట కాస్తా నా చేతుల్లో అబద్ధమైంది. నాకు ఏడుపొచ్చింది. "నడువు, మీ క్యాంపుకి" అని సారు సైకిలెక్కారు.

సాయంత్రానికి చేరాం. పాలు పొయ్యడానికి వచ్చినవాళ్ళంతా అక్కడే ఉన్నారు. నిన్న నేనన్నదే చెప్పు అన్నారు సారు. తల దించుకుని అంతా చెప్పాను. దాళ్వా నీళ్ళు ఆపమంటారనీ, నేనే మార్చి చెప్పాననీ. మీదపడి కొడతారనుకున్నాను. పెదనాన్న చుట్ట పక్కన పెట్టి నవ్వాడు.

"కూర్చోరా అబ్బాయ్. ఆయన చెప్పింది మాకు అర్థం కాలేదనుకున్నావా? నువ్వు పుట్టకముందు నుంచీ మాన్విలో వడ్లు అమ్ముతున్నది మేం ఏ భాషలో అనుకున్నావు?"

"మరి ఊరుకున్నారే?"

"మనింటి పిల్లోడు పదిమందిలో నిలబడి మాట్టాడుతుంటే అడ్డం పడతామా? ఆయన చెప్పిందీ విన్నాం, నువ్వు చెప్పిందీ విన్నాం. నువ్వు చెప్పింది బాగుంది. బాగున్నదే రాయించాం."

పాలకేంద్రమంతా నవ్వింది. తర్వాత పెదనాన్న సారుతో నేరుగా కన్నడంలో మాట్లాడాడు. నాకన్నా మంచి కన్నడం. సారు పాత కాగితాలు రెండూ చించి, అసలు మాట రాసుకోండి, సంతకం పెడతానన్నారు. అది రాసుకుంటే మాకేం లాభం సారూ అన్నాడు పెదనాన్న. దాంతో ఎవరూ అడగని ఆ కాగితాన్ని సారే కన్నడంలో రాసి, సంతకం పెట్టి, పాలకేంద్రం గోడకి అంటించి వెళ్ళారు.

పోలింగు రోజు పొద్దున్నే స్నానం చేసి, అందరికన్నా ముందు వరసలో నిలబడ్డాను. ఇక్కడొక మాట చెప్పాలి, ఇది ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. వచ్చే దాళ్వా బాగా పండితే నాకు మోటారు సైకిలు కొనిస్తానని నాన్న అని ఉన్నాడు. మిషను ముందు నిలబడగానే, నెల రోజులు తొక్కిన సైకిలు, పిరుదుల మీద లేచిన పొక్కులు, ఆ ఎర్రటి మోటారు సైకిలు, అన్నీ ఒక్కసారి కళ్ళముందుకొచ్చాయి. నా వేలు పోయి, రెండో పంటకు నీళ్ళిస్తానన్న పెద్ద పార్టీ ఆయన బొత్తాం మీద వాలింది. రహస్య ఓటింగు ఎంత గొప్ప ఏర్పాటో ఆ క్షణంలో నాకు తెలిసొచ్చింది.

లెక్కింపయ్యాక సారు దగ్గరికి వెళితే నవ్వుతూ కాఫీ ఇచ్చారు. "డిపాజిట్ పోయింది, పోనీ. మీ క్యాంపులో రెండు ఓట్లు వచ్చాయి. ఒకటి నీది. ఆ రెండో పుణ్యాత్ములెవరో కనుక్కుని నా నమస్కారం చెప్పు" అన్నారు. కాఫీ సగంలోనే వదిలేసి లేచాను. ఇంటికొచ్చి, మన క్యాంపులో రెండు వచ్చాయట అన్నాను. నాన్న అన్నం కలుపుతూ తలెత్తలేదు. "ఒకటి నాదే. జొన్నా లేదు గిన్నా లేదు, నేను వరే వేస్తా. కానీ అబద్ధం మీద సంతకం పడిందని తెలిసి, ఎండన పడొచ్చి దిద్దుకుపోయిన మనిషికి ఒక్క ఓటన్నా వెయ్యకపోతే ఎట్టాగరా. నీదోటి, నాదోటి. లెక్క సరిపోయింది" అన్నాడు. వడ్డిస్తున్న అమ్మ చేతిలో గరిటె ఆగింది. నా వైపు చూసింది. ఆ రెండో ఓటు ఎవరిదో ఆ చూపుతో నాకూ, నా ఓటు సంగతి అమ్మకూ తెలిసిపోయాయి. ఇంకో గరిటెడు పప్పు వేసింది.

ఆ ఏడాది డ్యాములో నీళ్ళు లేక దాళ్వా లేదన్నారు, మోటారు సైకిలూ లేదు. ఇప్పుడు నాకు జుట్టు నెరిసింది, రెండెకరాల్లో జొన్న వేస్తున్నాను కూడా. ఆ కుర్రవాడు ఎదురుపడితే చెవి మెలిపెట్టాలనిపిస్తుంది, వాడి మొహం గుర్తొచ్చి నవ్వూ వస్తుంది. అమ్మ ఆ సంగతి నాన్నకి ఇవాళ్టికీ చెప్పలేదు. ఎన్నికలొచ్చి, నేను వేలికి సిరా చుక్కతో ఇంటికొచ్చిన ప్రతిసారీ మాత్రం గుమ్మంలోనే ఆపి మెల్లగా అడుగుతుంది, "ఈసారన్నా నువ్వు వెయ్యాలనుకున్నోళ్ళకే వేశావా నాయనా?"