అడ్డపొగకు కంపెనీ జవాబు

నేను లండన్‌లోని క్రోయిడన్‌లో ఒక సిగరెట్ కంపెనీకి సాఫ్ట్‌వేర్ చూస్తాను. మా ఆవిడ డెంటిస్టు. మా మధ్య ఇంతకంటే పెద్ద అభిప్రాయభేదాలు లేవు.

ఈ-సిగరెట్లు వచ్చిన కొత్తలో మా కంపెనీ వాటిని ఆటబొమ్మలని కొట్టిపారేసింది. తర్వాత ప్రమాదమంది. ఆ తర్వాత తనూ ఒకటి తయారుచేసి, పొగలేని ప్రపంచమే మా ధ్యేయమని గోడల మీద రాయించింది. నేనూ నమ్మాను. జీతం అందే చోట నమ్మకం త్వరగా కుదురుతుంది.

అప్పుడే మా అత్తగారు శ్రీకాకుళం నుంచి వచ్చారు. ఆవిడది అడ్డపొగ. అంటే చుట్టను నిప్పున్న వైపు నోట్లో పెట్టుకుని పీల్చడం. వాళ్ల వైపు ఆడవాళ్లలో అది వింతేమీ కాదు. ఇక్కడ ఆవిడ బాల్కనీలో కూర్చుంటే మాత్రం ఎదురు ఫ్లాటువాళ్లు కర్టెన్లు వేసుకోవడం మానేశారు.

ఒకరోజు మా ఆవిడ వాళ్లమ్మ నోట్లో టార్చి వేసి చూసింది. అంగిట్లో తెల్లటి మచ్చ. హాస్పిటల్లో చిన్న ముక్క తీసి పరీక్షించి, ఇంకా క్యాన్సర్ కాదన్నారు, చుట్ట మానకపోతే కావచ్చన్నారు. ఆ "ఇంకా" అన్న మాట మా ఆవిడను నిద్రపోనివ్వలేదు.

పరిష్కారం నా దగ్గరే ఉందనుకున్నాను. కంపెనీ కొత్త పరికరం తెచ్చి, మీటింగులో విన్న గొప్పలన్నీ తెలుగులో చెప్పి, అత్తగారి చేతికిచ్చాను. మీట నొక్కితే ఒక కొసన నీలం దీపం వెలిగింది. ఆవిడ అదే నిప్పనుకుని ఆ కొసను నోట్లో పెట్టుకున్నారు. నేను రెండో కొస చూపించాను. ఒక్క దమ్ము లాగి, దాన్ని టేబుల్ మీద పెట్టేశారు.

"సుట్ట మానడానికి ఇదన్నావు. మరి ఇది మానడానికేటుంది, బాబూ?"

సోమవారం ఈ ప్రశ్నను మా మేనేజరుకు జోకులా చెప్పాను. ఆయన నవ్వలేదు. దానికీ ఒకటి వస్తోందన్నాడు: పెదవి కింద పెట్టుకునే నికోటిన్ పొట్లం, పుదీనా రుచితో. పొగాకు పరిశ్రమ ముందుచూపును ఎవరూ తక్కువ అంచనా వేయకూడదు.

ఇంటికొచ్చి ఆ కబురు అందించాను.

"అయితే మీ కొట్టుకి నాను సచ్చేదాకా బేరమేనన్నమాట" అన్నారు అత్తగారు.

లేచి, చుట్టల కట్ట తెచ్చి కూతురి చేతిలో పెట్టి, బుగ్గన లవంగం పెట్టుకున్నారు. తర్వాతి వారాల్లో ఆవిడ చిరాకు చూసి, ఇంటి నుంచి పని చేసే సౌకర్యాన్ని నేను పెద్దగా వాడుకోలేదు.

మళ్లీ పరీక్షకు వెళ్తే మచ్చ పలచబడిందన్నారు. బయటికొచ్చాక మా ఆవిడ బస్‌స్టాపులో నిలబడి కాసేపు ఏడ్చింది. మా కంపెనీకి ఒక బేరం తగ్గింది. ఆఫీసులో ఆ సంగతి ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు.